లోహపు తల, మనిషి తల

కార్ల రేసింగ్ హెల్మెట్ లోపల అంటించి ఉండే ప్రమాణ ముద్ర ఒక లోహపు తల గురించి ఇచ్చిన హామీయే తప్ప, దాన్ని కొనుక్కున్న మనిషి తల గురించి ఇచ్చిన హామీ కాదన్న సంగతిని ఆ ముద్రను చూసి తృప్తిపడేవారిలో చాలామంది గమనించరు. పరీక్షశాలలో హెల్మెట్ తొడిగే ఆ కృత్రిమ శిరస్సును హెడ్‌ఫామ్ అంటారు. అంతర్జాతీయ ప్రమాణాలు వాటిని ఏ, సీ, ఈ, జే, ఎం, ఓ అనే అక్షరాలతో గుర్తిస్తూ, చుట్టుకొలతలను వరుసగా 50, 52, 54, 57, 60, 62 సెంటీమీటర్లుగా స్థిరపరిచాయి. ఈ తలలకు జుట్టు ఉండదు, చెమట పట్టదు, కణతల దగ్గర నొప్పి పుట్టదు, అరగంట గడిచాక గడ్డం పట్టీని కాస్త వదులు చేసుకోవాలన్న కోరిక అసలే కలగదు. హెల్మెట్ తలకు సరిగ్గా అమరి ఉన్నదన్న ఊహ మీదనే పరీక్ష యావత్తూ సాగుతుంది కనుక, ఆ ఊహను నిజం చేయవలసిన బాధ్యత తయారీదారు మీదా పరీక్షశాల మీదా కాక తొడుక్కునేవాని మీద పడుతుంది. ఈ బాధ్యతను రేసింగ్ లోకం తగినంత గౌరవంతో చూడదు; పోటీకి ముందు పరికరాలను తనిఖీ చేసే అధికారి ముద్రనూ, దాని మీది సంవత్సరాన్నీ చూస్తాడు గాని, లోపల తల ఎంత వదులుగా ఉన్నదో చూడడం అరుదు.

ఆ ముద్రకు విలువ లేదని దీని అర్థం కాదు. 1956లో, పీట్ అనే ముద్దుపేరుగల విలియం స్నెల్ అనే అమెరికన్ డ్రైవర్ ఒక పోటీలో తలకు తగిలిన గాయాలతో మరణించినప్పుడు, అతని హెల్మెట్ అతన్ని కాపాడలేకపోయిందన్న బాధతో డాక్టర్ జార్జి స్నైవ్లీ, మరికొందరు మిత్రులు కలిసి మరుసటి ఏడాది స్నెల్ మెమోరియల్ ఫౌండేషన్‌ను నెలకొల్పారు. అప్పటిదాకా ఏ హెల్మెట్ మంచిదో తెలుసుకోవడానికి చాలామందికి అమ్మేవాని మాటే ఆధారం. నేడు ఈ సంస్థ ఇచ్చే ముద్రల్లో ఎస్‌ఏ అన్నది కార్ల రేసింగ్‌కు, ఎం అన్నది మోటార్ సైకిళ్లకు, కే అన్నది చిన్న కార్ట్ బండ్ల పోటీలైన కార్టింగ్‌కు చెందినవి. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య అయిన ఎఫ్ఐఏ 8859, 8860 అనే సంఖ్యలతో సొంత ప్రమాణాలను నడుపుతున్నది. బైకు హెల్మెట్‌తో కారు నడిపితే ఏమవుతుందన్న ప్రశ్న మన దేశంలో తరచు వినబడుతుంది. కారులో డ్రైవర్ చుట్టూ రోల్ కేజ్ అనే ఉక్కు గొట్టాల పంజరం ఉంటుంది కాబట్టి తల ఒకే గొట్టానికి మళ్లీ మళ్లీ తగిలే అవకాశం ఉంది, పైగా మంటల భయం ఉంది. అందుకే ఎస్‌ఏ ప్రమాణంలో గొట్టపు దెబ్బకూ నిప్పుకూ విడిగా పరీక్షలున్నాయి, బైకు హెల్మెట్‌కు అవి లేవు. ఐఎస్ఐ గుర్తు రోడ్డు మీద తిరిగే ద్విచక్ర వాహనానికి చాలినదే గాని ఈ రెండు ప్రమాదాలనూ దృష్టిలో పెట్టుకుని రూపొందినది కాదు.

హెల్మెట్ తలను ఎలా కాపాడుతుందో తెలిస్తే గాని, అమరిక ఎందుకంత ముఖ్యమో బోధపడదు. గ్లాసు ఫైబరుతోనో కార్బన్ ఫైబరుతోనో చేసిన బయటి గుల్ల దెబ్బను విశాలంగా పరుస్తుంది, మొనదేలిన వస్తువులను లోపలికి రానివ్వదు. కాని అసలు పని చేసేది దాని లోపల మూడు నాలుగు సెంటీమీటర్ల మందాన ఉండే పాలీస్టైరీన్ నురుగు, అంటే వాడుకలో థర్మోకోల్ అనే పదార్థపు బంధువు. నలిగిపోయే పొరతో తలను కాపాడవచ్చన్న భావనకు అమెరికాలో రోత్, లాంబార్డ్ అనే ఇద్దరికి 1953లో పేటెంట్ దక్కింది. రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి పడిన తల నేలను తాకే సరికి సెకనుకు సుమారు 7 మీటర్ల, అంటే గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. అది 3 మిల్లీమీటర్ల దూరంలో ఆగవలసి వస్తే మెదడు మీద పడే త్వరణం గురుత్వాకర్షణకు 800 రెట్లు దాటుతుంది, అదే 3 సెంటీమీటర్ల నురుగును నలుపుతూ సమంగా ఆగితే 80 రెట్ల చుట్టుపక్కలే ఉంటుంది. మనిషికీ మరణానికీ నడుమ ఉన్నది ఆ కొద్దిపాటి దూరమే. ఆ దూరం ఒక్కసారికే పనికొస్తుంది, ఎందుకంటే నలిగిన నురుగు తిరిగి పొంగదు; గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి ఎంత చక్కగా కనబడినా దాని ఆయువు తీరినట్లే.

ఇక్కడే అమరిక ప్రశ్న ముందుకు వస్తుంది. తలకూ లోపలి పొరకూ నడుమ ఒక సెంటీమీటరు ఖాళీ ఉంటే ఆ సెంటీమీటరులో తల వేగం ఏమాత్రమూ తగ్గదు, తల పూర్తి వేగంతో పోయి నురుగును ఢీకొంటుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఆకారంలో ఉన్నది: తల వంపూ హెల్మెట్ లోపలి వంపూ ఒకటి కానప్పుడు తల నురుగును అరచేయంత మేర తాకవలసింది పోయి రూపాయి బిళ్లంత మేర తాకుతుంది, భారమంతా ఆ చిన్న చోట పడి నురుగు అక్కడ చివరిదాకా నలిగి గుల్లకు ఆనుకుంటుంది, పక్కనున్న నురుగు మాత్రం చెక్కుచెదరకుండా మిగిలిపోతుంది. వదులు హెల్మెట్ మొదటి దెబ్బకే పక్కకు తిరిగితే రెండో దెబ్బ తగిలే చోట ఏ రక్షణా ఉండకపోవచ్చు. కాబట్టి బిగుతును సౌకర్యానికి సంబంధించిన విషయంగా చూడడం పొరపాటు, అది రక్షణ యంత్రాంగంలోనే ఒక భాగం.

కొలత తీసుకోవడం సులభమే: దర్జీ టేపును కనుబొమలకు రెండున్నర సెంటీమీటర్ల పైన, చెవులకు ఎగువగా, పెడతలలో బాగా ఉబ్బిన చోటు మీదుగా చుట్టి, రెండు మూడుసార్లు చూసి వాటిలో పెద్ద అంకెను తీసుకుంటారు. ఆ అంకెను తయారీదారు పట్టికలో చూసుకుంటే ఒక సైజు దొరుకుతుంది. ఒక కంపెనీ మీడియం మరో కంపెనీ మీడియం కాదు గనుక ఎవరి పట్టిక వారిదే. అయితే చుట్టుకొలత చెప్పేది చాలా తక్కువ. 58 సెంటీమీటర్ల చుట్టుకొలత గల ఇద్దరిలో ఒకరిది ముందువెనుకలుగా సాగిన కోలతల కావచ్చు, మరొకరిది పై నుంచి చూస్తే ఇంచుమించు గుండ్రంగా కనిపించే తల కావచ్చు. గుండ్రటి హెల్మెట్‌ను కోలతలకు తొడిగితే నుదుటి మీదా పెడతల మీదా ఒత్తుకుంటుంది, పక్కల మాత్రం వేలు పట్టేంత సందు మిగులుతుంది. కోలగా చేసిన హెల్మెట్‌ను గుండ్రటి తలకు తొడిగితే కణతలు నొక్కుకుపోతాయి, తల ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ చాలామంది చేసే పని, నొప్పి పోవడానికి ఒక సైజు పెద్దది తీసుకోవడం, తప్పు మందు వేయడం వంటిదే. మార్చవలసింది సైజును కాదు, నమూనాను, అవసరమైతే కంపెనీని.

తొడిగి చూడడంలో తొందర పనికిరాదు. రేసులో వేసుకునే బాలాక్లావాను, అంటే నిప్పు అంటుకోని బట్టతో కుట్టిన తలతొడుగును ముందు వేసుకుని, హెల్మెట్ పట్టీలను రెండు చేతులతో బయటికి లాగి పట్టుకుని తలను లోపలికి దించాలి. సరైన హెల్మెట్ చెవుల దగ్గర కొంత మొరాయిస్తుంది. లోపలికి వెళ్లాక చెంప మెత్తలు బుగ్గలను ముందుకు తోసి, పళ్లు కలిపితే బుగ్గల లోపలి చర్మం వాటి మధ్య పడేంత దగ్గరగా ఉండాలి. కొత్తవారికి ఇది ఇబ్బందిగా తోస్తుంది, అమ్మేవాడు సానుభూతితో పెద్ద సైజు అందిస్తాడు. ఆ సానుభూతిని తిరస్కరించాలి. హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టి కుడి ఎడమలకు తిప్పినప్పుడు నుదుటి చర్మమూ కనుబొమలూ దానితోపాటు కదలాలి, హెల్మెట్ చర్మం మీద జారితే అది వదులే. గడ్డం పట్టీని రెండు డి-రింగుల్లోంచి దూర్చి బిగించాక, వెనుక అంచు కింద వేళ్లు పెట్టి ముందుకు లాగమని పక్కనున్నవారిని అడగాలి. అది తల మీంచి దొర్లి కళ్ల మీదికి వచ్చిందంటే ప్రమాదంలో ఊడిపోతుందని అర్థం. ఆ తర్వాత అరగంట సేపు దాన్ని తీయకుండా కూర్చోవడమే అసలు పరీక్ష. తీసి అద్దంలో చూసుకున్నప్పుడు నుదురంతటా లేత ఎరుపు సమంగా పరుచుకుని ఉంటే బాగా అమరినట్లు, నడి నుదుట ఒకే చోట బిళ్లలా ముదురు ఎరుపు తేలి, వేలితో నొక్కితే సలుపుతుంటే ఆ నమూనా ఆ తలకు కాదు. అలాంటి చోట లోపలి నురుగును చెంచాతోనో చాకుతోనో చెక్కి సరిచేసుకునే ధీరులు కొందరుంటారు; కాపాడవలసిన నురుగును తీసివేసి సౌఖ్యం కొనుక్కోవడం వింత బేరం.

హెల్మెట్ నుదుటి మీద ఎంత ఎత్తున కూర్చుంటుందన్నది మరో సూక్ష్మం. 2009లో హంగేరియన్ గ్రాండ్ ప్రీ అనే ఫార్ములా వన్ పోటీ అర్హత పరుగులో డ్రైవర్ రూబెన్స్ బారికెల్లో కారు నుంచి ఊడిన స్ప్రింగ్ ఒకటి మరో డ్రైవర్ ఫెలిపె మాస్సా హెల్మెట్‌కు ఎడమ కంటి పైభాగాన, గుల్లా, కళ్ల ముందుండే పారదర్శక తెర వైజరూ కలిసే చోట తగిలి అతన్ని తీవ్రంగా గాయపరిచింది. తరువాత వైజర్ పై అంచున జైలాన్ అనే గట్టి నారతో పట్టీ అతికించే పద్ధతి వచ్చింది. 2019 నుంచి ఫార్ములా వన్‌లో తప్పనిసరైన 8860-2018 ప్రమాణం కళ్ల కోసం వదిలిన తెరపు పై అంచునే 10 మిల్లీమీటర్లు కిందికి దించింది. ఇంజనీర్లు ఇంత శ్రమపడి సంపాదించిన ఆ 10 మిల్లీమీటర్లను, మాడు మీద ఎత్తుగా నిలిచే చిన్న హెల్మెట్ ఒక్కటి చాలు, పోగొట్టడానికి. కళ్లు తెరపు మధ్యలో ఉండాలన్న పాత సూత్రం చూపు కోసమే కాదన్నమాట.

మెడను కాపాడే హాన్స్ పరికరం వాడుకలోకి వచ్చాక అమరిక ప్రాధాన్యం మరింత పెరిగింది. మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జీవయాంత్రిక శాస్త్రాన్ని బోధించిన రాబర్ట్ హబ్బర్డ్, అతని బావమరిది అయిన రేసింగ్ డ్రైవర్ జిమ్ డౌనింగ్ 1980ల్లో రూపొందించిన ఈ పరికరం భుజాల మీద కాడిలా కూర్చుని, రెండు పట్టీలతో హెల్మెట్‌ను పట్టి ఉంచుతుంది. ఢీకొన్నప్పుడు మొండెం బెల్టులకు ఆగిపోయినా తల ముందుకు దూసుకుపోయి పుర్రె అడుగుభాగం విరగడాన్ని అది నివారిస్తుంది. 2001 ఫిబ్రవరిలో డేటోనా ట్రాకులో అమెరికన్ డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ అటువంటి గాయంతోనే మరణించాడు; ఆ ఏడాది అక్టోబరులో అమెరికా కార్ల పోటీల సంస్థ నాస్కార్, 2003లో ఫార్ములా వన్ ఈ తరహా రక్షణను తప్పనిసరి చేశాయి. అయితే ఆ పట్టీలు పట్టుకునేది హెల్మెట్‌ను, తలను కాదు. హెల్మెట్ ఆగినా లోపలి తల ఆగకుండా ముందుకు జారితే పరికరం తన పనిని సగమే చేసినట్లు. అందువల్ల హెల్మెట్‌ను దుకాణంలో చూసుకున్నాక కారులో, సీటు బెల్టులూ హాన్స్ కాడీ వేసుకుని మరొకసారి చూసుకోవడం అవసరం: వెనుక గుల్ల తలదిండుకు తగిలి గడ్డాన్ని ఛాతీ వైపు తోస్తున్నదా, తల పక్కకు తిప్పితే కింది అంచు కాడికి తట్టుకుంటున్నదా అన్నది అక్కడే తెలుస్తుంది. కళ్లజోడు పెట్టుకునేవారు దాని కాడలు కణతల దగ్గర దూరే వీలును కూడా అప్పుడే చూసుకోవాలి.

పిల్లల విషయంలో తల్లిదండ్రులు సద్బుద్ధితోనే తప్పు చేస్తారు. పెరిగే పిల్లవానికి పండగ చొక్కా ఒక సైజు పెద్దది కుట్టించినట్లు హెల్మెట్ కూడా రెండేళ్లకు పనికొచ్చేలా కొంటారు. లేత మెడ మీద పెద్దల హెల్మెట్ బరువే ఒక భారమని గుర్తించి స్నెల్, ఎఫ్ఐఏ కలిసి 2007లో బాలల కార్టింగ్‌కు సీఎంఆర్ అనే తేలికపాటి ప్రత్యేక ప్రమాణాన్ని తెచ్చినా ఈ అలవాటు తగ్గలేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా-ఈ పోటీ జరిగిన తరువాత తెలుగు పిల్లల్లో ఈ క్రీడ మీద ఆసక్తి కలిగి ఉంటే, అది మొదట చేరేది కార్టింగ్ ట్రాకులకే. అక్కడ అద్దెకిచ్చే హెల్మెట్లు వందలాది తలలకు సాగి, ఎవరికీ సరిపోకుండా అందరికీ పట్టేవి. నెలకు ఒకటి రెండుసార్లు వెళ్లేవారికైనా సొంత హెల్మెట్ మొదటి ఖర్చు కావాలి, రంగుల బొమ్మలు వేయించడం ఆఖరి ఖర్చు కావాలి.

బాగా అమరిన హెల్మెట్ కూడా అలాగే ఉండిపోదు. చెమటకూ వాడకానికీ లోపలి మెత్తలు అణగుతాయి, మొదట్లో బుగ్గలను నొక్కినవి ఏడాదికి కాస్త సడలుతాయి. మందం ఎక్కువగల చెంప మెత్తలు విడిగా దొరుకుతాయి కనుక దీన్ని సరిదిద్దవచ్చు. మొత్తం హెల్మెట్‌ను అయిదేళ్లకు మార్చమని స్నెల్ సంస్థ సూచిస్తుంది. బిగుతు వల్ల కలిగే చిక్కు మరొకటి ఉంది: గాయపడిన డ్రైవర్ తల నుంచి బిగుతైన హెల్మెట్‌ను లాగితే మెడకు హాని జరగవచ్చు. అందుకే కొన్ని నమూనాల్లో చెంప మెత్తలకు కింద చిన్న పట్టీలు కుట్టి ఉంటాయి. సహాయక సిబ్బందిలో ఒకరు తలనూ మెడనూ కదలకుండా పట్టుకుంటే, మరొకరు ఆ పట్టీలను లాగి మెత్తలను ముందుగా బయటికి తీస్తారు, చెంపల దగ్గర ఖాళీ ఏర్పడ్డాక హెల్మెట్ నెమ్మదిగా జారి వస్తుంది.