వెంట్రుకవాసి వంపు

అకౌస్టిక్ గిటారును, అంటే కరెంటుతో పని లేకుండా తన చెక్కపెట్టె బోలుతనంతోనే పలికే ఆరుతీగల వాద్యాన్ని, కొన్న తరువాత వాయించేవారి చేతికీ వారుండే చోటి గాలికీ అనువుగా సరిదిద్దే పనిని ఆ వృత్తిలోనివారు సెటప్ అంటారు. దండి వంపు, తీగల ఎత్తు, ఫ్రెట్లు అనే మెట్ల సమత, శ్రుతి నిలకడ ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉంటాయి గనుక వాటిలో దేన్ని ముట్టుకున్నా మిగిలినవి కదులుతాయి, వరుస తప్పితే చేసిన పనినే మళ్ళీ చేయవలసి వస్తుంది. విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే చోట కొన్న గిటారు, కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీద కొద్ది గంటల్లోనే సుమారు 900 మీటర్ల ఎత్తులోని అరకులోయకు చేరుకుంటుంది. మనిషి స్వెటరు తొడుక్కుని సర్దుకునే ఆ మార్పుకు చెక్క సర్దుకోవడానికి రోజులు పడుతుంది.

చెట్టునుంచి వేరుపడి ఎన్నేళ్ళయినా చెక్క గాలిలోని తేమను పీలుస్తూ, వదులుతూనే ఉంటుంది. గిటారు పైపలకను సాధారణంగా స్ప్రూస్ అనే శీతలదేశపు చెట్టు కలపతో, సుమారు 3 మిల్లీమీటర్ల మందాన చేస్తారు. ఆ పలక పొడవు దాదాపు మారదు గాని, నారకు అడ్డంగా మాత్రం తేమకు ఉబ్బుతుంది, పొడికి ముడుచుకుంటుంది. అంచులన్నీ జిగురుతో బిగించి ఉండటంవల్ల ఉబ్బిన పలక పక్కలకు జరగలేక పైకి పొంగి, తన మీద అతికి ఉన్న బ్రిడ్జిని, అంటే వీణలో గుర్రమని పిలిచే భాగానికి సాటివచ్చేదానిని, తీగలతో సహా ఎత్తుతుంది. అప్పుడు తీగ నొక్కడానికి వేళ్ళు నొప్పెడతాయి. ఎండినప్పుడు పలక కుంగి, తీగ మెట్లకు తగిలి స్వరం జీరపోతుంది. మరీ ఎండితే పలకే నిలువునా చీలుతుంది. గాలిలో సాపేక్ష తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటారుకు క్షేమమని తయారీదారులు చెబుతారు గాని, వానాకాలంలో మబ్బు ఇంట్లోకే వచ్చే మన్యంలో, శీతకాలపు తెల్లవారుజామున పొగమంచు కమ్మి మధ్యాహ్నానికి చురుక్కుమనే ఎండ కాసే లోయలో, ఆ మాటను అక్షరాలా పాటించడం ఎవరి తరమూ కాదు.

2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీని పండించే రైతులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. గుజ్జు తీసి కడిగిన తరువాత పలుచని పెంకుతో మిగిలే గింజను, పార్చ్‌మెంటు అనేదానిని, నెమ్మదిగా ఎండనివ్వాలనీ, నడిమధ్యాహ్నపు ఎండకు వదిలేస్తే పెంకు పగులుతుందని ఆ వేళకు కప్పి ఉంచాలనీ వారికి తెలుసు. గిటారు విషయంలోనూ ప్రమాదం తడిలోనో పొడిలోనో కాక, ఒకదానినుంచి మరొకదానికి మారే వేగంలోనే ఎక్కువగా ఉంది. అందువల్ల కొండెక్కిన గిటారును వెంటనే విప్పి సరిచేయబూనడం తొందరపాటు. తీగలను శ్రుతిలోనే ఉంచి, వాయించనప్పుడు పెట్టెలో పెట్టి మూసి, ఒకటి రెండు వారాలు చెక్కను దాని మానాన వదలడమే సెటప్‌లో మొదటి అడుగు. డబ్బు ఖర్చుకాని అడుగు కాబట్టి కాబోలు, చాలామంది దాటవేసేదీ దీన్నే.

ఆ తరువాత చూడవలసింది దండి, గిటారువాళ్ళు నెక్ అనే భాగం. ఒక మోస్తరు సన్నని ఉక్కుతీగలు ఆరూ శ్రుతిలో ఉన్నప్పుడు వాటి మొత్తం బిగువు సుమారు 70 కిలోల బరువుకు సమానమై దండిని ముందుకు వంచుతుంది. ఆ లాగుడుకు ఎదురునిలిచేందుకు దండిలో ట్రస్ రాడ్ అనే ఇనుప ఊచను దాచి ఉంచుతారు. మరతో బిగించీ వదులుచేసీ సర్దగల ఊచకు గిబ్సన్ కంపెనీలో పనిచేసిన తాడియస్ మెక్‌హ్యూ పేర 1923లో అమెరికాలో పేటెంటు లభించగా, అంతకంటే పాతదైన మార్టిన్ కంపెనీ చాలాకాలం కదలని ఉక్కుకడ్డీతోనే సరిపెట్టుకుని 1985లో గాని ఈ పద్ధతికి మారలేదు. దండి పూర్తిగా తిన్నగా ఉండాలనుకోవడం పొరపాటు. మీటిన తీగ నడుమభాగంలో ఎక్కువ వెడల్పున ఊగుతుంది కాబట్టి ఆ ఊపుకు చోటిచ్చేలా కొద్దిపాటి లోవంపు ఉండి తీరాలి. దాన్ని కొలవడానికి వేరే బద్ద అక్కరలేదు, బిగిసిన తీగే తిన్నని బద్ద. మొదటి మెట్టు దగ్గరా, దండి పెట్టెను కలిసే 14వ మెట్టు దగ్గరా తీగను నొక్కి పట్టి, నడుమ ఆరేడు మెట్ల మీద మిగిలే సందును చూస్తే, 0.1 నుంచి 0.25 మిల్లీమీటర్ల దాకా ఉండటం మంచిది. తెలుగులో వెంట్రుకవాసి అన్న మాటను ఇంత నికరమైన కొలతగా వాడుకోగల సందర్భాలు అరుదు. అలెన్ కీతో కుడివైపు తిప్పితే వంపు తగ్గుతుంది, ఎడమవైపు తిప్పితే పెరుగుతుంది. ఒక్కసారికి ఎనిమిదోవంతు చుట్టు తిప్పి, మళ్ళీ శ్రుతిచేసి, మళ్ళీ చూసుకోవాలి. బిగింపు మొరాయిస్తే బలం చూపకూడదు.

వంపు కుదిరాకనే తీగల ఎత్తు, అంటే యాక్షన్, చూడాలి. తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉండే 12వ మెట్టు దగ్గర లావు తీగ సుమారు 2.4 మిల్లీమీటర్లు, సన్నతీగ 1.8 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే ఎక్కువమందికి సుఖంగా ఉంటుంది. అక్కడ అర మిల్లీమీటరు తగ్గాలంటే బ్రిడ్జిలో నిలబెట్టిన ఎముక లేక ప్లాస్టిక్ పట్టీని, సాడిల్‌ను, అడుగునుంచి ఒక మిల్లీమీటరు అరగదీయాలి. సగం దూరంలో సగమే తగ్గుతుందన్న సాదా లెక్క ఇది. ఎక్కువ అరగదీసినదాన్ని తిరిగి పెంచలేరు గనుకనే కర్మాగారాలు ఈ ఎత్తును కాస్త ఎక్కువగా ఉంచి పంపుతాయి, వేళ్ళు బొబ్బలెక్కిన కొత్తవారు తమకు చేతకాదనుకుని వాద్యాన్ని మూలనపెట్టడానికి చాలాసార్లు ఈ ఒక్క మిల్లీమీటరే కారణం. తలవైపు తీగలు ఆనే పట్టీలోని, అంటే నట్‌లోని, గాళ్ళను లోతుచేయడం, ఎత్తుపల్లాలున్న మెట్లను సమంగా రాయడం మాత్రం పనివాడికే వదిలివేయవలసినవి.

కొండల దిగువన బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేసేవారు చెక్క కదలిక తెచ్చే ఇదే సమస్యను వేరే దారిలో పరిష్కరించారు. వీణలోని 24 మెట్లనూ మైనంలో బొగ్గుపొడి కలిపిన ముద్దలో నాటుతారు, దానిని మేళం కట్టడమంటారు. కాలక్రమంలో మెట్టు స్థానం తప్పితే మైనాన్ని మెత్తబరచి, చెవితో వింటూ మెట్టును జరుపుతారు. గిటారు మెట్లు చెక్కలో కోసిన గాళ్ళలో దిగగొట్టినవి, జరగవు. తీగ పొడవును 17.817తో భాగించగా వచ్చినంత దూరంలో మొదటి మెట్టు, మిగిలినదాన్ని మళ్ళీ అంతతో భాగించి రెండో మెట్టు, అలా లెక్కతో ముందే నిర్ణయమైనవి. వీణ చేసేవాడు మెట్టును తీగ దగ్గరకు తెస్తే, గిటారు సరిచేసేవాడు తీగనూ దండినీ మెట్ల దగ్గరకు తెస్తాడు. రెండో పని తేలికైనదే గాని, చెవికి అందులో మిగిలిన చోటు తక్కువ.

కొండల్లో గిటారుకు నిజమైన పరీక్ష నెగడు దగ్గర ఎదురవుతుంది. థింసా నృత్యానికి మోరి, తుడుము, కిరిడి, జోడుకొమ్ములతో పాటు మోగే డప్పును వాయించేముందు మంటకు కాస్తారు. సెగకు తోలులోని తేమ పోయి, తోలు బిగిసి, నాదం పైకి లేస్తుంది, రాత్రి మంచుకు మళ్ళీ సడలితే మళ్ళీ కాస్తారు. అదే సెగకు ఉక్కుతీగ సాగి, దాని శ్రుతి దిగుతుంది. ఒకే మంట చుట్టూ కూర్చున్న రెండు వాద్యాలు ఎదురెదురు దిక్కులకు పోతుంటే, గిటారు పట్టుకున్నవాడు మంటకు దగ్గరగా జరిగిన కొద్దీ బిరడాలు తిప్పుతూనే ఉండవలసివస్తుంది. తీగ నిమిషాల్లో మారితే, చెక్క వారాల్లో మారుతుంది. బ్రిడ్జిని పట్టి ఉంచే జిగురు అంత ఓపిక పట్టదు, అది వేడికి మెత్తబడి 70 కిలోల లాగుడుకు లొంగిపోతుంది. బొర్రా గుహలు చూడబోయి, తలుపులు మూసిన కారులో ఎండకు వదిలిన గిటారుకు నెగడుకంటే అక్కడే ఎక్కువ ముప్పు.

పుష్యమాసంలో కుదిర్చిన ఎత్తు శ్రావణానికి నిలవదు. అందుచేత పని పూర్తయినరోజు తేదీ, 12వ మెట్టు దగ్గర లావు తీగ, సన్నతీగల ఎత్తులు, దండి వంపు, సాడిల్ అడుగున తీసిన మందం ఒక చీటీ మీద పెన్సిలుతో రాసి గిటారు పెట్టెలోనే ఉంచడం, అరగదీసిన పాత సాడిల్‌ను పారేయకుండా, వీలైతే ఇంకాస్త ఎత్తైనదాన్ని కూడా జోడించి, ఆ చీటీ పక్కనే పెట్టుకోవడం కొండమీద ఉండేవారికి అవసరం. ఎండాకాలంలో పలక కుంగినప్పుడు ఎత్తు సాడిల్, వానలకు పొంగినప్పుడు పొట్టి సాడిల్ మార్చుకుంటే, దండిలోని ఊచను ఏడాదికి రెండుసార్లకు మించి ముట్టుకోవలసిన పనిబడదు.