పునాదికి పుస్తకం, సందేహానికి నెట్

ప్రోగ్రామింగ్ మొదలుపెట్టే పిల్లలు తరచూ అడుగుతుంటారు: "సార్, పుస్తకం కొనమంటారా? యూట్యూబ్ చూస్తే సరిపోతుందా?" రెండూ కావాలి. ఏది ముందన్నదే అసలు సంగతి. నా మాట అడిగితే ముందు పుస్తకమే.

కెర్నిగాన్, రిచీ కలిసి సి భాష మీద రాసిన పుస్తకం 1978లో వచ్చింది. 1988లో వచ్చిన రెండో కూర్పు కూడా మూడు వందల పేజీలు దాటదు. తొలి అధ్యాయంలోనే ఫారన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి మార్చే ప్రోగ్రామ్ ఉంటుంది. అందులో ముందు 5తో గుణించి, ఆ తర్వాతే 9తో భాగిస్తారు. కారణమూ అక్కడే చెబుతారు. సిలో పూర్ణాంకాలను భాగిస్తే దశాంశాలు ఎగిరిపోతాయి. ముందే 5/9 వేస్తే వచ్చేది సున్నా, ఇక సెల్సియస్ విలువలన్నీ సున్నాలే. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈ సందేహమే తట్టదు, తట్టనిదాన్ని నెట్‌లో వెతకలేరు. మంచి పుస్తకం మనం అడక్కముందే వరసగా చెప్పుకొస్తుంది.

అయితే అచ్చయిన పుస్తకం మారదు, భాష మారుతుంది. పైథాన్ 2లో 7/2 అంటే 3. 2008లో వచ్చిన పైథాన్ 3లో అదే 3.5. పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద చవగ్గా దొరికిందని పాత పుస్తకం తెచ్చుకుంటే, మొదటి ప్రింట్ లైను దగ్గరే ఎర్రర్ వస్తుంది. పైథాన్ వాళ్లే నెట్‌లో ఉచితంగా పెట్టిన ట్యుటోరియల్‌కు ఆ ఇబ్బంది లేదు, వెర్షన్‌తోపాటే అదీ మారుతుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లిష్ పుస్తకం మొదట్లో కొరుకుడు పడదు. తెలుగులో చెప్పే వీడియో ఆ బెరుకు పోగొడుతుంది, తప్పకుండా చూడాలి. కానీ చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. వీడియో ఆపి, ఖాళీ స్క్రీన్ మీద అదే ప్రోగ్రామ్ రాయబోతే మూడో లైను దగ్గర చెయ్యి ఆగిపోతుంది. చదువు మొదలయ్యేది అక్కడే.

కాబట్టి ఏ వెర్షనో చూసి ఒకే ఒక్క పుస్తకం కొనండి. ప్రతి ప్రోగ్రామూ సొంతంగా టైప్ చేయండి, కాపీ పేస్ట్ వద్దు. అధ్యాయం చివరి అభ్యాసాలు వదలకండి. ఎర్రర్ వస్తే ముందు దాన్ని పూర్తిగా చదవండి, ఆ తర్వాతే నెట్ తెరవండి.