పుట్టిన చోటు, చదివిన చోటు

రెండు రాజ్యాంగ సవరణలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి అమెరికావాళ్ల పద్నాలుగో సవరణ, 1868 నాటిది. రెండోది మన ముప్పై రెండో సవరణ, 1973 నాటిది. రెండింటి వెనకా కోర్టు తీర్పులున్నాయి. నల్లవాళ్లు పౌరులు కాలేరని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో వచ్చిన తీర్పును అంతర్యుద్ధం ముగిశాక అక్కడ సవరణతో తుడిచేశారు. ఉద్యోగాల్లో స్థానికులకే చోటిచ్చే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు అనేసరికి ఇక్కడ జై ఆంధ్ర ఉద్యమం లేచింది, ఆరు సూత్రాల పథకం వచ్చింది, దాని వెంట ఈ సవరణతో 371-డి అధికరణం వచ్చింది.

అమెరికా సవరణ బిడ్డను అడిగేది ఎక్కడ పుట్టావనే. తమకు పౌరసత్వం పొందే వీలే లేని చైనా దంపతులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ పౌరుడేనని 1898లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 371-డి కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మాత్రం కాలేజీ సీటుకు వచ్చిన బిడ్డను ఎక్కడ చదివావని అడుగుతుంది. అర్హత పరీక్ష దాకా వరసగా నాలుగేళ్లు ఇక్కడే చదివుండాలి, లేదంటే ఏడేళ్ల లెక్క తీస్తారు. అందుకే కౌన్సెలింగ్‌కు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు పట్టుకుని నిలబడాలి.

ఈ నిబంధన రాయలసీమకు మేలు చేసింది, కాదనను. 85 శాతం సీట్లు ఎస్వీ యూనివర్సిటీ పరిధి పిల్లలకే ఉండబట్టే కర్నూలు మెడికల్ కాలేజీలో మన పిల్లలకు చోటు మిగిలింది. కానీ అదే కర్నూలు జిల్లాలో కోసిగి, మంత్రాలయం వైపు చూడండి. వానలు ముఖం చాటేస్తే ఊళ్లకు ఊళ్లే సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతాయి. గుంటూరు మిరప చేలకు తల్లిదండ్రుల వెంట పిల్లలూ కదులుతారు, బడి ఆగిపోతుంది. సీజనల్ హాస్టళ్లు అందరినీ ఆపలేవు. ఆ పిల్లల చేతిలో వరస తెగని సర్టిఫికెట్లు ఎక్కడి నుంచి వస్తాయి? అదే ఊళ్లో స్థిరంగా ఉండగలిగిన ఇంటి బిడ్డకు ఈ చిక్కే లేదు.

పుట్టుకను పక్కన పెట్టిన ప్రతి నిబంధనా చివరికి తల్లిదండ్రుల స్థితినే తూచుతుంది. 2025 జనవరి 20న ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు చేసిందీ అదే. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే బిడ్డ అమెరికన్ కాదంది. ప్రొద్దుటూరు, నంద్యాలల్లో హెచ్-1బీ కొడుకులు, కూతుళ్లున్న ఇళ్లు బెదిరిపోయాయి. కోర్టులు దాన్ని అమలు కానివ్వలేదు. అక్కడ రాజ్యాంగం మార్చాలంటే ఉభయ సభల్లో మూడింట రెండొంతుల ఓట్లు, ఆపైన 38 రాష్ట్రాల ఆమోదం కావాలి. మనం మాత్రం పుట్టుక పౌరసత్వానికి షరతులు పెట్టే పనిని సాధారణ చట్టంతో చేసేశాం. 11వ అధికరణం పార్లమెంటుకు ఆ అధికారమిచ్చింది. 1987 జూలై 1 నుంచి తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులై ఉండాలన్నాం. 2004 డిసెంబరు నుంచి రెండోవారు అక్రమ వలసదారు కాకూడదన్నాం. అమెరికాలో మనవడి హక్కు కోసం కలవరపడిన మన ఊళ్లు ఈ మార్పులను పట్టించుకున్నట్టే లేదు.

సుగ్గి పిల్లల కోసం రాజ్యాంగం జోలికి పోనక్కర్లేదు. తల్లిదండ్రుల వలస వల్ల బడి తెగిన ఏళ్లకు బదులు సొంత జిల్లాలో పుట్టిన ధ్రువపత్రాన్ని లెక్కలోకి తీసుకునేలా రాష్ట్రపతి ఉత్తర్వును సవరిస్తే చాలు. రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీని అడగాల్సింది ఇది.