అంచు కొయ్యొద్దు

ఎన్నికలు ముగిసినాక మా డోన్‌లో ఏ ఇంటి బీరువా తెరిచినా అడుగున పార్టీ టీషర్టులు దొరుకుతాయి. వాటికి తోడు సిమెంటు కంపెనీలవి, విత్తనాల కంపెనీలవి. ఊరికే వచ్చినవి కదా అని, పిల్లలకు ఏదైనా కుడదామంటే ముందు వాటినే బయటికి తీస్తారు. నన్నడిగితే వద్దంటాను. అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించి చూడండి. కాగితం కాలిన వాసనొచ్చి బూడిదై రాలితే నూలు. కరిగి గట్టి పూస కడితే పాలిస్టర్. ఊరికే ఇచ్చేవాటిలో ఎక్కువ పూసలే. మే నెల ఎండకు దాన్ని పిల్ల ఒంటి మీద వెయ్యడం పాపం.

పనికొచ్చేది ఏళ్ల తరబడి ఉతికి మెత్తబడ్డ నూలు టీషర్టు. కుంచించుకోవాల్సింది ఎప్పుడో కుంచించుకుంది, పోవాల్సిన రంగు పోయింది. ఇక అది కొత్తగా చెయ్యగల అల్లరి ఏమీ లేదు. పురిటిబిడ్డను పాత పంచె చింపి చుట్టే మన పెద్దోళ్లకు ఈ లెక్క తెలుసు. కాకపోతే పంచె మగ్గం మీది నేత, టీషర్టు అల్లిక. కుట్టేవాళ్లకు కష్టం అక్కడే మొదలవుతుంది.

నేతలో పడుగూ పేకా ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి. అల్లికలో పోగు ఉచ్చులోంచి ఉచ్చు వేసుకుంటూ పోతుంది, అందుకే సాగుతుంది. 1589లో ఇంగ్లండులో విలియం లీ మేజోళ్లు అల్లడానికి కట్టిన యంత్రంతో ఈ అల్లిక చేతిలోంచి మిషన్ మీదికెక్కింది. ఇప్పుడు తిరుప్పూరులో గుండ్రటి మిషన్లు ఈ బట్టను గొట్టంలా అల్లి పోస్తున్నాయి. పక్క జిల్లా ఆదోనిలో అంత పెద్ద పత్తి మార్కెట్టు పెట్టుకుని మనం బనియన్‌కు తమిళనాడు వైపు చూడటమేమిటన్నది ఇంకో వారం రాయాల్సిన సంగతి.

మన ఇళ్లలో ఉండేది కాలితో తొక్కే నల్ల మిషన్. దానికి తెలిసింది తిన్నటి కుట్టు ఒక్కటే. బట్ట సాగుతుంది, దారం సాగదు, టప్పున తెగుతుంది. ఇప్పుడు మీ టీషర్టు కింది అంచు తిప్పి చూడండి. పైన జంటగా రెండు వరసలు, లోపల దారాలు ఒకదాని మీదొకటి పెనవేసుకుని ఉంటాయి. దానికి ఫ్యాక్టరీలో వేరే మిషన్ ఉంది, ఫ్లాట్‌లాక్ అంటారు. మన దాని మీద ఆ కుట్టు రాదు. రానిదానికోసం తంటాలు పడేకంటే ఉన్న అంచును దక్కించుకోవడమే ఈ పనిలో నేర్పు. పిల్ల చొక్కా అడుగు పెద్ద చొక్కా అడుగు మీదే పడాలి. చేతుల అంచులూ అంతే. ఇక కుట్టాల్సింది భుజాలు, చంకలు, పక్కలు, మెడ.

కొలతలకు పిల్ల వేసుకునే చొక్కానే పేపరు మీద పరిచి గీసుకుంటే చాలు. (ఈ పేజీ అయినా ఫరవాలేదు, చదివినాక.) మడిచేటప్పుడు మాత్రం పక్క కుట్టును నమ్మొద్దు. చౌక టీషర్టు నాలుగు ఉతుకులకే మెలి తిరిగి, పక్కనుండాల్సిన కుట్టు పొట్ట మీదికొస్తుంది. బట్టను వెలుతురుకు పట్టి చూస్తే సన్నటి జడలు వరసగా అల్లినట్టు నిలువు గీతలు కనిపిస్తాయి. మడత ఆ గీత వెంట పోవాలి. కోసినాక ఏది పైవైపో తెలియకపోతే అడ్డంగా కోసిన అంచును కాస్త లాగండి. అది పైవైపుకే చుట్టుకుంటుంది.

కుట్టు మధ్యమధ్యలో తప్పుతుంటే అందరూ మిషన్‌నే తిడతారు. పాతబస్టాండు దగ్గర మిషన్లు బాగుచేసే పెద్దాయన నాతో ఒకే ముక్కన్నాడు: "మిషన్‌కేం రోగం లేదమ్మా, సూది మార్చు." మామూలు సూది మొన ఉచ్చును పొడిచి తెంపుతుంది. మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది ఉచ్చులను పక్కకు నెట్టుకుంటూ దిగుతుంది. పాలిస్టర్ దారం వేసి, బట్టను ముందూ వెనకా మెల్లగా పట్టి లాగుతూ తొక్కితే కుట్టులోనూ కాస్త సాగుడు మిగులుతుంది.

అసలు పరీక్ష మెడ దగ్గర. రెండేళ్ల పిల్ల తల చుట్టుకొలత 48 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మెడ 42 పెడితే, సాగి తలను దూరనివ్వాలి. జిగ్‌జాగ్ మిషన్ ఉన్నవాళ్లు 36 సెంటీమీటర్ల పట్టీ కోసి సాగదీస్తూ అతికిస్తే సరి, మెడకు పట్టినట్టు కూర్చుంటుంది. పాత మెడ పట్టీని మాత్రం వాడొద్దు, దాని సాగుడు ఎప్పుడో చచ్చింది. నల్ల మిషన్ వాళ్లు ఎడమ భుజం కుట్టకుండా వదిలి రెండు టిచ్ బటన్లు పెట్టుకోవచ్చు. నాకు అదే ఇష్టం. తల ఇరుక్కుని పిల్ల ఏడ్చే గొడవ ఉండదు.

సంతలో ఇంతకంటే చౌకగా దొరుకుతుంది కదా అని మా ఇంట్లోనూ అంటారు. నిజమే, కూలి లెక్కేస్తే ఎక్కడా గిట్టదు. అయితే పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె చీరలు చూస్తుంది, ప్యాంట్లు చూస్తుంది, టీషర్టును వేలితో పక్కకు తోస్తుంది. ఇక దానికున్న దారి బండి తుడిచే గుడ్డ కావడం, లేదంటే చొక్కా కావడం.

మిగిలిన ముక్కలనూ పారెయ్యొద్దు. వేలెడు వెడల్పున అడ్డంగా కోసి లాగితే దానంతటదే చుట్టుకుని తాడవుతుంది. పిల్ల లాగుకు నాడా వేసుకోవచ్చు. మా పెరట్లో టమాటా మొక్కలను కర్రకు కట్టేది కూడా దాంతోనే, కాడ ఒరుసుకుపోదు.