మార్గదర్శక గ్రంథంగా ‘కాశీయాత్ర చరిత్ర’: కృష్ణాతీర క్షేత్రయాత్రల నేపథ్యంలో ఒక పరిశీలన

ప్రస్తావన

ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ తెలుగులో తొలి యాత్రాచరిత్రగా ప్రసిద్ధం. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరాడు. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపురం మీదుగా కాశీ చేరాడు. గయ, పూరీ దర్శించి, సముద్రతీర మార్గంలో 1831 సెప్టెంబరు 3న మద్రాసుకు తిరిగివచ్చాడు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళకు ఆయన పంపిన లేఖలు 1838లో గ్రంథరూపం పొందాయి. 1941లో దిగవల్లి వేంకటశివరావు సంపాదకత్వంలో వెలువడిన ప్రతి దానిని ఆధునిక పాఠకులకు చేర్చింది.

ఈ గ్రంథంపై వచ్చిన విమర్శ ప్రధానంగా రెండు దారుల్లో నడిచింది. వాడుకకు దగ్గరైన వచనానికి ఉదాహరణగా చూడటం ఒకటి. కంపెనీ పాలనాకాలపు సామాజిక చరిత్రకు ఆకరంగా చూడటం రెండవది. ఆచారాలు, పన్నులు, కులాలు, భాషాభేదాలు, దొరల పరిపాలన అనే శీర్షికల కింద గ్రంథాన్ని విడగొట్టి పంచుకోవడం పరిశోధకులకు అలవాటైంది. ఈ పంపకంలో ఎవరి వాటాకూ రాకుండా మిగిలిపోయినది మాత్రం గ్రంథంలో గణనీయమైన భాగం. ఏ ఊరి తరువాత ఏ ఊరు, నడుమ ఎంత దూరం, దారి ఎలాంటిది, నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటు దొరుకుతుందా అన్న వివరాలు పుట పుటకూ తిరిగి వస్తాయి. వీటిని పునరుక్తిగా భావించి దాటిపోవడం సాధారణం. సంక్షేపించే వారి చేతికి మొదట చిక్కేవి కూడా ఇవే.

ఆ భాగాన్ని వదిలిపెట్టి చదివితే గ్రంథరూపమే అర్థం కాదు. వీరాస్వామయ్య వచనాన్ని నడిపిన అవసరం తరువాత ఆ దారిన పోయేవాడి అవసరం. గ్రంథం అచ్చైన 1838కి రెండేళ్ళ ముందే లండనులో జాన్ ముర్రే తన తొలి ‘హ్యాండ్‌బుక్’ను ప్రచురించాడు, జర్మనీలో కార్ల్ బెడేకర్ అదే దశకంలో అలాంటి పనిలో ఉన్నాడు. వీరి ప్రభావం తెలుగు గ్రంథంపై ఉందని చెప్పే వీలు లేదు. ఒకే కాలంలో వేర్వేరు చోట్ల ఒకే అవసరం పుస్తకంగా మారిందన్నంత వరకు చెప్పుకోవచ్చు. అయితే ముర్రే, బెడేకర్‌ల పుస్తకాలు చూడదగినవాటిని ఎంచి చూపేందుకు పుట్టాయి. వీరాస్వామయ్య దృష్టి అంతకంటే ముందున్న ప్రశ్నపై ఉంది: ఈ రాత్రి ఎక్కడ ఆగాలి, రేపు పొద్దున ఎంత దూరం పోవచ్చు?

నాగలూటి నుంచి నివృత్తి సంగమం దాకా

ఈ కోణం నుంచి చూస్తే శ్రీశైల ఘట్టం అత్యంత విలువైనది. ఆత్మకూరు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా వీరాస్వామయ్య శ్రీశైలం చేరాడు. నల్లమల అడవిలోని ఈ కాలిబాట నేటికీ సజీవంగా ఉంది. మహాశివరాత్రికి, ఉగాదికి వేలాదిమంది భక్తులు, ముఖ్యంగా కన్నడ ప్రాంతాలవారు, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం దాటి కొండ ఎక్కుతారు. రెండు వందల ఏళ్ళకు దగ్గరపడుతున్నా మజిలీల క్రమం మారలేదు. దానికి కారణం ఆ పేర్లలోనే ఉంది. ఒకటి చెరువు, ఒకటి కొలను. అడవిలో మజిలీని నిర్ణయించేది నీరు. మనిషి ఒక పూట నడవగల దూరానికీ, నీరున్న చోటుకూ కుదిరిన ఒప్పందమే మజిలీ. ఆ ఒప్పందాన్ని యథాతథంగా నమోదు చేసింది కాబట్టే ఆ భాగం నేటి పాదచారికి కూడా పనికివస్తుంది. అడవి ఇప్పుడు పులుల అభయారణ్యంలో భాగమైంది కనుక ఉత్సవ దినాల్లోనే ప్రవేశానికి అనుమతి ఉంటుంది. ఈ ఒక్క సంగతిని చేర్చుకుంటే పాత వర్ణన చేతిలో పట్టుకొని బయలుదేరవచ్చు.

శ్రీశైలం తరువాతి భాగం దీనికి పూర్తిగా భిన్నం. వీరాస్వామయ్య ఆత్మకూరు వైపు తిరిగివచ్చి నివృత్తి సంగమం వద్ద కృష్ణ దాటి, వనపర్తి, జడచర్ల మీదుగా హైదరాబాదు దారి పట్టాడు. ఆ సంగమేశ్వర క్షేత్రం 1980ల ఆరంభం నుంచి శ్రీశైలం జలాశయంలో భాగం. ఏడాదిలో ఎక్కువకాలం గుడి నీటిలో ఉంటుంది; వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది. ఏరు దాటిన చోటే ఏరుగా మిగలలేదు. ఇక్కడ గ్రంథం దారి చూపలేదు. దారి ఒకప్పుడు ఇటు ఉండేదని మాత్రమే చెప్పగలదు.

ఒకే పుస్తకంలో, కొద్ది పుటల ఎడంతో, ఒక భాగం ఇంకా మార్గదర్శకంగా ఉండగా మరొకటి చరిత్రగా మారిపోయింది. మార్గదర్శక గ్రంథాన్ని ఎంచుకునేవాడు తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే. గ్రంథం మొత్తానికి కలిపి ఒక వయస్సు ఉండదు. కొండదారికి ఒక వయస్సు, నదిదారికి ఒకటి, అంగళ్ళ సమాచారానికి మరొకటి. సత్రాల సంగతి పదేళ్ళలో పాతబడవచ్చు. చెరువుగట్టు రెండు శతాబ్దాలు నిలవవచ్చు. ఈ తేడాను పాఠకుడు గ్రహించాలంటే ప్రతి మాటకూ తేదీ ఉండాలి. వీరాస్వామయ్య రచనలో ఆ తేదీ ఉంది. మజిలీలను తేదీలతో చెప్పాడు కనుక ఫలానా వాగును ఆయన వానకాలంలో చూశాడా, ఎండాకాలంలో చూశాడా అని పాఠకుడు లెక్కకట్టుకోగలడు. దినచర్య ప్రక్రియ సాహిత్యదృష్ట్యా ఏకరువుగా అనిపించవచ్చు. వాడుకదృష్ట్యా అదే దానికి విశ్వసనీయత.

ఇలాంటి గ్రంథాన్ని మొదటి పుట నుంచి చివరి పుటకు చదివే పద్ధతి కూడా సరిపోదు. ముందు రోజు రాత్రి మరునాటి రెండు మూడు పుటలను చదువుకోవడం, మజిలీ చేరాక సరిచూసుకోవడం దాని సహజ పఠనపద్ధతి. పునరుక్తి అని తోచినది ఆ పద్ధతిలో పునరుక్తి కాదు. నిన్నటి ఊరికి నీళ్ళున్నాయని చదివినవాడు నేటి ఊరికి కూడా నీళ్ళున్నాయా అని మళ్ళీ చదవవలసిందే.

ఎవరి కోసం రాసిన దారి

గ్రంథాన్ని ప్రశంసించే ఉత్సాహంలో ఒక సంగతిని మరవరాదు. వీరాస్వామయ్య ఒంటరి పాదచారి కాడు. ఆయనది పల్లకీ ప్రయాణం. బోయీలు, పరిజనం, డేరాలు ఉన్న పెద్ద బృందం. ఆ దారిని అడుగడుగునా కొలిచిన కాళ్ళు బోయీలవి. వారికి ఏ ఎక్కుడు కష్టమైందో, ఏ ఇసుకలో భుజాలు నొచ్చాయో గ్రంథం వారి నోటితో చెప్పదు. దారి కష్టాన్ని అంచనా కట్టినది కూర్చున్న మనిషి. ఊళ్ళో బ్రాహ్మణ గృహాలున్నాయా లేదా అన్నది ఆయనకు మజిలీ ఎంపికలో ముఖ్యవిషయం. మరో కులంవాడికి, ఒంటరి స్త్రీకి, కాసులు లేని బైరాగికి ఆ ఊరే వేరుగా ఎదురై ఉంటుంది. అందువల్ల ‘దిగడానికి అనుకూలం’ అన్న భావం గ్రంథంలో ఎక్కడ కనిపించినా ‘ఎవరికి’ అన్న ప్రశ్న వేసుకొని చదవాలి.

ఈ లోపం ఆయనకే ప్రత్యేకం కాదు. సాంతియాగో యాత్రికుల కోసం 12వ శతాబ్దంలో కూర్చిన ‘కోడెక్స్ కాలిక్స్టినస్’ ఐదవ భాగం ఏ నది నీరు తాగవచ్చో, ఏది తాగరాదో జాగ్రత్తగా చెబుతుంది. అదే చేత్తో నవార్రె ప్రాంతపు జనాన్ని దారుణంగా నిందిస్తుంది. నీటి విషయంలో నమ్మదగిన రచయిత మనుషుల విషయంలో నమ్మదగినవాడు కావలసిన పనిలేదు. హైదరాబాదు రాజ్యంలోని అరాచకాన్నీ, కంపెనీ పాలనలోని క్రమాన్నీ వీరాస్వామయ్య బేరీజు వేసిన చోట్ల కూడా ఈ వివేకమే పాఠకుడికి తోడు. కంపెనీ న్యాయస్థానపు ఉద్యోగి అభిప్రాయాన్ని, మైళ్ళు లెక్కపెట్టిన బాటసారి నివేదికను ఒకే తూకంతో తూచరాదు.

మట్టపల్లి: గద్ద వాలిన చెట్టు

ఈ గీటురాయితో నేటి క్షేత్రసాహిత్యాన్ని పరీక్షించడానికి కృష్ణాతీరమే తగిన చోటు. సూర్యాపేట జిల్లా మఠంపల్లి మండలంలో, కృష్ణ ఉత్తరపు ఒడ్డున మట్టపల్లి లక్ష్మీనరసింహస్వామి క్షేత్రం ఉంది. మండల కేంద్రం మఠంపల్లి, క్షేత్రం మట్టపల్లి. కొత్తగా వచ్చేవాడు ఈ రెండు పేర్లను ఒకటిగా భ్రమించడానికి ఎంతో అవకాశం ఉంది. వాడపల్లి, మట్టపల్లి, కేతవరం, వేదాద్రి, మంగళగిరి కలిపి పంచ నారసింహ క్షేత్రాలుగా ప్రసిద్ధం. ఆలయాల వద్ద అమ్మే చిరుపుస్తకాలు సాధారణంగా ఈ ఐదు పేర్లను, స్థలమాహాత్మ్యాన్ని, ప్రదక్షిణ నియమాలను, పూజావేళలను చెబుతాయి. వాడపల్లి, మట్టపల్లి, వేదాద్రి నదికి ఒక వైపున, కేతవరం, మంగళగిరి మరో వైపున ఉన్నాయి. ఏ వరుసలో వెళ్ళాలి, నదిని ఎక్కడ దాటాలి అన్న ప్రశ్నలు ఆ పుస్తకాల పరిధిలోకి రావు. కారులో పోయేవాడికి అవి ప్రశ్నలే కావు.

స్థలపురాణానికి దారితో సంబంధమే లేదనడం అన్యాయం. మట్టపల్లి స్థలపురాణమే ఒక దారి వెతుకులాట. నదికి ఆవలి ఒడ్డున తంగెడ గ్రామంలో ఉన్న మాచిరెడ్డికి స్వామి కలలో కనిపించి, అడవిలోని గుహలో ఉన్నానని చెప్పాడట. మాచిరెడ్డి జనంతో నది దాటి ఎంత వెతికినా గుహ దొరకలేదు. అలసి నిద్రించిన వేళ మళ్ళీ కల వచ్చింది. గద్ద వాలిన చెట్టును గుర్తుగా చెప్పింది. దాని వెంట పోతే గుహ దొరికింది. మొదటి కలలో చోటు ఉంది, ఆనవాలు లేదు. రెండవ కలలో ఆనవాలు వచ్చింది. కథ చెప్పినవారికి మార్గదర్శనం అంటే ఏమిటో స్పష్టంగా తెలుసు. అయితే గద్ద ఎగిరిపోతుంది. ఆ ఆనవాలు ఒక్కడికి, ఒక్కసారి చూపినది. తరువాతివాడికి అది మహిమగా మిగులుతుందే తప్ప గుర్తుగా పనిచేయదు. వీరాస్వామయ్య గద్యం సరిగ్గా ఈ చోటనే స్థలపురాణం నుంచి విడిపోతుంది. ఆయన ఎంచుకున్న ఆనవాళ్ళు చెరువులు, వాగులు, కనుమలు.

అవి కూడా ఎగిరిపోగలవని 20వ, 21వ శతాబ్దాల ఆనకట్టలు నిరూపించాయి. సంగమేశ్వరానికి శ్రీశైలం జలాశయం చేసినదే ఇక్కడ పులిచింతల చేసింది. ఒడ్డు గ్రామాలు కొన్ని మునిగాయి, జనం పునరావాస కాలనీలకు తరలారు, మట్టపల్లి ఆలయానికి కరకట్ట అవసరమైంది. మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి నుంచి మట్టపల్లి వైపు నడిచేవాడికి నది వెంట ఉన్న పాత డొంకలు కొన్నిచోట్ల నీటిలోకి దిగి ఆగిపోతాయి. ఒడ్డు వదిలి పైకి వస్తే సున్నపురాయి గనులు, సిమెంటు లారీల దుమ్ము. ఈ రెంటి మధ్య ప్రాంతంలోనే పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా ఉంది. హిందువులు, ముస్లింలు కలిసి మొక్కులు చెల్లించే ఆ చోటు నారసింహ యాత్రికుడికి సహజమైన మజిలీ కాగలదు. ఐదు క్షేత్రాల జాబితాకు పరిమితమైన పుస్తకంలో దానికి చోటు దొరకదు. వీరాస్వామయ్యకు ఎన్ని పరిమితులున్నా దారిలో ఎదురైనదాన్ని జాబితాలో లేదన్న కారణంతో వదిలేసే అలవాటు లేదు.

పులిచింతల జలాశయం పూర్తి నీటిమట్టం 175 అడుగులు. వానకాలపు వరదలతో అది నిండినప్పుడు నడవదగిన దారి వేరు, వేసవిలో నీరు తగ్గినప్పుడు నడవదగిన దారి వేరు. కనుక ఈ ఒడ్డుకు రాయవలసిన పుస్తకంలో ప్రతి మజిలీకి రెండు వాక్యాలుండాలి: ఒకటి నిండు నీటికి, ఒకటి తగ్గిన నీటికి. ఆ రెండూ చెప్పగలవారు ప్రస్తుతం చేపలు పట్టేవారు, గొర్రెల కాపరులు, కాలనీలకు తరలిన ముంపు గ్రామాల వృద్ధులు. పాత డొంకల పేర్లు, రేవుల పేర్లు ఆ వృద్ధుల వద్దే ఉన్నాయి. వాటిని అడిగి, అడిగిన తేదీతో సహా రాసుకోవడానికి వ్యవధి ఎక్కువ లేదు.