విద్యార్థి కవిత: నక్షత్రమూ, బకాయీ

ఉంగుటూరులో నా దగ్గర చదివి, ఏలూరు, తాడేపల్లిగూడెం కళాశాలలకు వెళ్లిన పిల్లలు అప్పుడప్పుడు కవితలు తెచ్చి చూపిస్తుంటారు. విద్యార్థి ఉద్యమాల మీద రాసినవే ఎక్కువ. ఆవేశానికి లోటుండదు. చనిపోయిన విద్యార్థి నిప్పురవ్వ అవుతాడు, వేగుచుక్క అవుతాడు. అతని ఏ హక్కును ఎవరు, ఏ విధంగా హరించారన్నది మాత్రం కనిపించదు.

ఈ లోపం పిల్లలది మాత్రమే కాదు. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో హత్యకు గురైన జార్జిరెడ్డి జీవితం 2019లో సినిమాగా వచ్చింది. చూసి వచ్చాక నా మనసులో నిలిచింది పిడికిలే. అతను ప్రశ్నించిన వివక్ష కథానాయకుడి పరాక్రమానికి నేపథ్యంగా మిగిలిపోయింది.

జాషువా 1941 నాటి ‘గబ్బిలం’లో ఈ పొరపాటు చేయలేదు. గుడిలోకి గబ్బిలానికి ప్రవేశం ఉంది, మనిషికి లేదు. ఆ కావ్యం బలమంతా ఏ తలుపు మూసి ఉందో చూపించడంలోనే ఉంది.

2015లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం రోహిత్ వేములతో సహా ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టలు నుంచి తొలగించింది. పరిపాలనా భవనంలోకీ, ఉమ్మడి స్థలాల్లోకీ గుంపుగా రాకూడదన్నది. 2016 జనవరిలో వారు ఆవరణలోనే ఆరుబయట గుడారం వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. అధికారుల భాషలో క్రమశిక్షణ చర్య అయినది, ఊరికీ పేటకీ మధ్య దూరం ఎరిగిన వాడికి ఆ ఒక్క మాటతో అర్థమైపోయింది. ఇటీవలి విద్యార్థి సాహిత్యంలో ఇంతకన్న పదునైన విమర్శ నేను చూడలేదు.

జనవరి 17న మరణించిన రోహిత్ చివరి లేఖలో నక్షత్రాల ప్రస్తావన ఉంది. తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్పు ఇంటివారికి అందేలా చూడమన్న కోరికా ఉంది. ఆ తర్వాత నేను చదివిన కవితల్లో ఎక్కువ భాగం నక్షత్రాలను తీసుకుని, బకాయిని వదిలేశాయి.

కవిత్వం అర్జీ కాదు కదా అని మిత్రులు అడగవచ్చు. నిజమే. అయితే, అర్జీ పెట్టుకున్న మనిషిని మరిచిన కవిత్వం సానుభూతిగా మిగులుతుందే తప్ప చైతన్యం కాలేదు. మృతుణ్ణి ఆకాశానికెత్తితే నేలమీద ఉత్తర్వు రాసినవాడికి ఏ ఇబ్బందీ లేదు. నక్షత్రాన్ని వదలమని నేననను. దాని పక్కనే బకాయి లెక్క కూడా రాయమంటాను.