మల్లేమైంది? – ‘రైలుబడి’లో మాట పెగలని పిల్లవాడు

తెలుగు పాఠకులు మురిసిపోయే పిల్లలంతా వాగుడుకాయలే. బుడుగు సంగతి చెప్పక్కర్లేదు. 1950లలో ముళ్ళపూడి రాస్తే, బాపు బొమ్మ వేస్తే పుట్టిన ఆ పిల్లవాడు నోరు మూసుకున్న పేజీ ఒక్కటీ గుర్తు రాదు. పక్కనే సీగాన పెసూనాంబ ఉంటుంది. కానీ ఆ పిల్లని మనం బుడుగు చెప్పగా వినాల్సిందే. ఆమెకేమనిపించిందో ఆమె నోట వినే వీల్లేదు, చెప్పేవాడు బుడుగు కాబట్టి. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ తీసుకున్నా అంతే. ఊరు మారుతుంది, యాస మారుతుంది, చెప్పే పిల్లవాడి నోరు మాత్రం అంతే చురుకు. ఇందులో వింతేం లేదు. పెద్దయ్యాక కథలు రాసేవాళ్ళు చిన్నప్పుడు లోకాన్ని చెవులతో, నోటితో మేసినవాళ్ళే అయ్యుంటారు. మరి తలుపు వెనక నిలబడి అమ్మ కొంగు నములుతూ చూసే పిల్ల సంగతి? నేను చదివినంతలో, ఆ పిల్లని నడిమధ్యలో కూచోబెట్టిన తెలుగు పుస్తకం తారసపడలేదు.

‘రైలుబడి’ కూడా వాగుడుకాయ పుస్తకమే. తెత్సుకో కురొయనాగి జపాన్‌లో 1981లో అచ్చేసిన ‘తొత్తోచాన్’ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ఆ పేరుతో మనకి తెచ్చింది. టీచర్లూ, పిల్లల తల్లిదండ్రులూ ఒకరికొకరు ఇచ్చుకునే పుస్తకాల్లో ఇదొకటి. బడిలో అల్లరి భరించలేక పంపేస్తే, ఆ పాపని అమ్మ తొమోయే అనే చిన్న బడికి తీసుకెళ్తుంది. అక్కడ పాత రైలు పెట్టెలే తరగతి గదులు. హెడ్మాస్టర్ కొబయాషి మొదటి రోజే కుర్చీ లాక్కుని కూచుని, ఆ పాప చెప్పేదంతా నాలుగు గంటలు వింటాడు. 1937లో మొదలైన ఆ బడి 1945లో బాంబు దాడిలో కాలిపోయింది. ఈ పుస్తకం గురించి ఎవరు మాట్లాడినా రైలు పెట్టెలూ, స్వేచ్ఛా, ఆ నాలుగు గంటలూ వస్తాయి. నాకు మాత్రం ఇందులో అన్నిటికన్నా విలువైనవి వేరే రెండు మూడు పేజీలు. అందులో హీరో తొత్తోచాన్ కాదు, పేరు కూడా లేని ఒక పిల్లవాడు.

బడి మొత్తం కలిపి యాభై మందికి మించరు. మధ్యాహ్నం అందరూ ఒకే హాల్లో గుండ్రంగా కూచుని తింటారు. డబ్బాలో సముద్రం నుంచి వచ్చిందొకటి, కొండల నుంచి వచ్చిందొకటి ఉండాలని హెడ్మాస్టర్ నియమం. ఒకరోజు ఆయన ఇంకో నియమం పెడతాడు: తింటున్నంతసేపూ రోజుకొకరు మధ్యలో నిలబడి ఏదో ఒకటి చెప్పాలి. కొందరు ఉత్సాహంగా ఎగబడతారు. ఒక పిల్లవాడు మాత్రం ససేమిరా అంటాడు. సిగ్గుపడి మానుకోవడం కాదు, నా దగ్గర చెప్పడానికేం లేదని గట్టిగా అంటాడు. ఇక్కడ మనకి తెలిసిన టీచర్లయితే రెండే దారులు. “ఫర్వాలేదు, కూచో” అని వదిలేయడం, లేదా “భయమెందుకు, ధైర్యంగా చెప్పు” అని ఎగదోయడం. కొబయాషి నవ్వి, లేకపోతే వెతుకుదాం పట్టు అంటాడు. పొద్దున లేచి మొదట ఏం చేశావో గుర్తు తెచ్చుకోమంటాడు. పిల్లవాడు తల గోక్కుంటూ ఏదో నసుగుతాడు. మాట కాదది, మాటకి ముందు వచ్చే చప్పుడు. హెడ్మాస్టర్ దాన్నే పట్టుకుంటాడు: చూశావా, చెప్పేశావు, ఆ తర్వాత? అలా లేచిన సంగతొస్తుంది. అమ్మ పళ్ళు తోముకోమంటే తోముకున్న సంగతొస్తుంది. నసుగుడుకీ నసుగుడుకీ మధ్య ఒక్కో వాక్యం. చివరికి బడికొచ్చేశాను అనే దాకా వస్తాడు. హాలంతా చప్పట్లు.

ఈ దృశ్యాన్ని పిల్లవాడికి ధైర్యం వచ్చిన కథగా చదవడం తేలిక. నాకలా అనిపించదు. ఆ పదిహేను నిమిషాల్లో వాడిలో ఏమీ మారలేదు. చివరి వాక్యానికీ నసుగుతూనే ఉన్నాడు. మారింది హాల్లో కూచున్నవాళ్ళ లెక్క. అంతవరకూ ‘చెప్పడం’ అంటే రాజకుమారి కథ, లేదా ఏదో నవ్వించే ముచ్చట. ఇప్పుడు పళ్ళు తోముకోవడం కూడా చెప్పడమే. తల గోక్కోవడం కూడా. కొబయాషి వాడిని పైకి లాగలేదు, గడపని దించాడు. మా ఆఫీసులో రోజూ పొద్దున స్టాండప్ మీటింగ్ ఉంటుంది. నిన్నేం చేశావు, ఇవాళేం చేస్తావు అని అందరూ వరసగా చెప్పాలి. పైకి చూస్తే అదే ప్రశ్న. కానీ అక్కడ నసిగితే పని కాలేదని అర్థం. ప్రశ్న ఒకటే అయినా వినేవాడు దేనికోసం వింటున్నాడో అడుగుతుండగానే తెలిసిపోతుంది. నాలుగేళ్ళ పిల్లలకి మనకన్నా ముందే తెలుస్తుంది.

ఆ నసుగుడు జపనీస్‌లో ఎలా ఉంటుందో గానీ, నా చెవికి మాత్రం ‘గదీ...’ అనే వినిపిస్తుంది. మాది నల్లగొండ జిల్లా చిట్యాల. విజయవాడ హైవే మీద వెళ్ళేవాళ్ళు కిటికీలోంచి చూసి దాటిపోయే ఊరు. మా దిక్కు పిల్లలు ‘గదీ’తో మొదలుపెట్టి ‘మల్ల’తో కుట్టుకుంటూ పోతారు. మా అక్క బిడ్డకి నాలుగేళ్ళు. కిందటేడు ఊర్లోనే ఒక ఇంగ్లిష్ మీడియం ప్లేస్కూల్‌కి తీసుకెళ్తే ఇంటర్వ్యూ పెట్టారు. “వాట్ ఈజ్ యువర్ నేమ్?” అంది మేడమ్. పిల్ల గోడకేసి చూసింది. మళ్ళీ అడిగారు, ఈసారి తెలుగులో, కానీ పాఠ్యపుస్తకం తెలుగులో. పిల్ల అమ్మ చీరలో మొహం దాచుకుంది. “చాలా షై అండీ, కాన్ఫిడెన్స్ లేదు, ఇంకో ఏడాది ఆగండి” అన్నారు. ఫీజు కట్టే చోట ఈ సానుభూతి కొంచెం అరుదే. పిల్ల వాడకట్టులోని అంగన్‌వాడీకే పోయింది.

అక్కడ మాత్రం చకచకా మాట్లాడిందనుకోకండి. నెల రోజులకి పైగా గడప దగ్గరే కూచుందట. టీచర్‌కి హాజరు, పిల్లల బరువులు, ఎత్తులు ఫోన్‌లో ఎక్కించడానికే సగం పొద్దు పోతుంది. ఈ పిల్ల వెంట పడే తీరిక ఆమెకి లేదు, అదీ ఒకందుకు మంచిదే అయ్యింది. ఆయా మాత్రం రోజూ ఒకటే అడిగేదట: “రాత్రి ఏం కూర తిన్నవ్ బిడ్డా?” జవాబు రాకపోయినా మర్నాడు మళ్ళీ అదే. పేరు అడిగితే అది పరీక్ష, తప్పొచ్చే వీలుంది. కూర అడిగితే ముచ్చట. ఒకరోజు పిల్ల “టమాట” అంది. ఆయా చప్పట్లేం కొట్టలేదు. “టమాటనా? మల్ల?” అందట, అంతే. దసరాకి నేను పోయేసరికి గడప మీద కూచుని నాకే అప్పజెప్పింది: “పొద్దుగాల లేచిన. మల్ల పండ్లు తోముకున్న. మల్ల చాయ్‌ల బిస్కట్ ముంచుకోని తిన్న. మల్ల అమ్మ జడేసింది. మల్ల...” ఇక ఏం మిగల్లేదు. ఆ ‘మల్ల’ గాల్లోనే ఉండిపోయింది. పుస్తకంలో పేజీలు నా కళ్ళముందు తిరిగాయంటే నమ్మండి.

ఇదంతా చూసి మా అమ్మ ఒక్క మాట తేల్చేసింది: “పిల్లకి కొత్త పోయింది.” ఈ మాట దగ్గర ఆగాలనిపించింది. సిగ్గు, బిడియం, బెరుకు, జంకు, మొహమాటం – మన దగ్గర మాటలకి కొదవ లేదు, అన్నీ మనిషి లోపల ఉన్నదేదో చెప్పేవే. ‘కొత్త’ అలాంటిది కాదు. అది పిల్లలో లేదు, పిల్లకీ చోటుకీ మధ్యన ఉంది. దాన్ని ఎవరూ పోగొట్టరు, అదే పోతుంది. ‘షై’ అంటే రిపోర్ట్ కార్డులోకి ఎక్కుతుంది. ‘కొత్త’ రిపోర్ట్ కార్డులో పట్టదు, ఎందుకంటే అందులో సగం కొత్త టీచర్‌ది కూడా. కొబయాషి పద్ధతిని పొగుడుతూ ఇన్ని వ్యాసాలొచ్చాయి కదా, ఆయన చేసింది మన అమ్మమ్మల మాటలో ఇమిడే ఉందని అనిపిస్తుంది నాకు.

అలాగని అమ్మమ్మల ఇళ్ళన్నీ తొమోయేలని కాదు. చుట్టం గడపలో అడుగు పెట్టగానే “మా పిల్ల సిగ్గరి, ఎవ్వరితోని మాట్లాడది” అని పిల్ల ముందే ప్రకటించేది ఇళ్ళలోనే. పిల్ల వింటుంది, ఆ పాత్ర నేర్చుకుంటుంది. బడి ఇన్‌స్పెక్టర్‌గా ఎన్నో బళ్ళు చూసిన చలం ‘బిడ్డల శిక్షణ’లో పిల్లల్ని కొట్టి, భయపెట్టి లొంగదీసే పెద్దల మీద నిప్పులు చెరిగాడు. ఆ కోపం ఇప్పటికీ అవసరమే. కానీ ఆ నిప్పు పెత్తనం మీదికి పోయినంత సూటిగా, ముద్దు చేస్తూ తగిలించే ముద్ర మీదికి పోదు. దానికి జవాబు చలం దగ్గర కాదు, తొత్తోచాన్ అమ్మ దగ్గర దొరికింది నాకు. పాత బడివాళ్ళు వెళ్ళగొట్టారన్న సంగతి ఆమె కూతురికి చెప్పనే చెప్పదు. కొత్త బడి చూద్దాం పద అంటుంది, అంతే. ఆ పిల్లకి ఇరవయ్యేళ్ళు దాటాక గానీ అసలు విషయం తెలియదు. పుస్తకంలో అందరూ కొబయాషికి దండం పెడతారు గానీ, ఇంట్లో జరిగిన ఈ పని అంతకన్నా కష్టమైంది. నాలుగు గంటలు వినడం ఒక్కరోజు పని. నోటిదాకా వచ్చిన మాటని అన్నేళ్ళు ఆపుకోవడం ఎవరూ చూడని పని. చప్పట్లు లేవు.

పుస్తకంలో ఇంకో పేరుపొందిన ఘట్టముంది, ఆటల పోటీల రోజు. తకహాషి అనే పొట్టి పిల్లవాడు అన్ని ఆటల్లోనూ మొదటొస్తాడు. వాడి శరీరానికి కలిసొచ్చేలా కొబయాషి ఆ ఆటలు తయారుచేశాడని రచయిత్రికి తర్వాత అర్థమవుతుంది. గుజ్జనగూళ్ళ ప్రేమతో రాసిన భాగం, చదివినవాళ్ళందరికీ కళ్ళు చెమరుస్తాయి. నాకది కొంచెం ఎక్కువ అమర్చినట్టుంటుంది. గెలుపుని పిల్లవాడి చేతికిచ్చినా అది గెలుపే, పక్కవాడు ఓడాలి. భోజనం దగ్గర నసిగినవాడు ఎవర్నీ ఓడించలేదు. గిజుభాయి ‘పగటి కల’లో మాస్టారు మొదటి రోజు మౌనం ఆట ఆడించబోయి పిల్లల గోలలో కొట్టుకుపోతాడు. మర్నాడు కథ మొదలుపెడితే అదే గుంపు కదలకుండా కూచుంటుంది. అక్కడ సిగ్గరి పిల్లకి దొరికేది ఇంకో రకం చోటు. కథ వింటున్నప్పుడు నోరు విప్పనక్కర్లేదు, అయినా అందరిలో ఉన్నట్టే. మా మేనకోడలు గడప మీద కూచున్న నెల రోజులూ అలాంటివేనేమో. వాటిని వృథాగా లెక్కేసే ప్లేస్కూళ్ళే ఎక్కువ.

నా పేచీ ఆ రెండు మూడు పేజీల చివరి మాటల మీద. ఆ చప్పట్లని వాడు పెద్దయ్యాక కూడా మర్చిపోయి ఉండడని రచయిత్రి ఊహ. కావచ్చు. కానీ అది చప్పట్లంటే ఇష్టమున్న పిల్ల ఊహ. పెద్దయ్యాక తెర మీద, టీవీలో పేరు తెచ్చుకున్న మనిషి ఊహ. వాడికి గుర్తుండిపోయింది చప్పట్లు కాకపోవచ్చు. తల గోక్కుంటున్నంతసేపూ ఎవరూ నవ్వకపోవడం అయ్యుండొచ్చు. యాభై మంది చూస్తుంటే డబ్బాలో అన్నం చల్లారిపోవడం కావచ్చు. లేదా ఇంటికెళ్ళి ఈ సంగతి అమ్మకి కూడా చెప్పకపోవడం. సీగాన పెసూనాంబ బుడుగు నోట్లో ఇరుక్కున్నట్టే, వాడు తొత్తోచాన్ నోట్లో ఇరుక్కుపోయాడు. పేరైనా లేదు. తకహాషికి పేరుంది, చెట్టెక్కిన యమామొతోకి పేరుంది, తొత్తోచాన్ కుక్కకి కూడా పేరుంది. రోజుకొకరి లెక్కన చూస్తే వాడి వంతు మళ్ళీ కొన్ని వారాలకి వచ్చుంటుంది. ఆ రోజు వాడు మధ్యలోకి నడిచొచ్చి, ఎవరూ అడక్కుండా, ఏ మాటతో మొదలుపెట్టాడన్నది ఇంకెవరో రాయాల్సిన పుస్తకం.